ఆరని అచ్చు

బస్సు దిగి షెడ్డు దాకా నడిచే ఆ కాస్త దూరంలోనే లైసియాసా సగం అలిసిపోయేవాడు. గుమ్మం ముందున్న బెంచీ కంటపడగానే మిగతా సగం ఓపికా హరించుకుపోయేది. వాన పడుతున్నా, పడకపోయినా ఆ బెంచీ మీద పొద్దున్నే జనం ఉండేవాళ్ళు. చంకకర్రలు పక్కన ఆనించుకుని, ఉన్న ఒక్క కాలికీ ఉన్న ఒక్క చెప్పు తొడుక్కుని, ఓపిగ్గా కూర్చునేవాళ్ళు. వాళ్ళందరినీ పేరుపేరునా "బులా" అని పలకరించి, కర్రలు తొక్కకుండా దాటుకుంటూ లోపలికి పోయి చొక్కా మార్చుకునేవాడు.

అతను పుట్టింది కడావు దీవిలో. మీసం సరిగా మొలవకముందే సువా పట్నం వచ్చి, వాలు బే ఒడ్డున ఒక పడవల యార్డులో చేరాడు. గాజునార గుడ్డ పరచడం, దాని మీద రెజిన్ అనే జిగురు పొయ్యడం, అది గట్టిపడేలోపు రోలర్ తిప్పి తిప్పి లోపలి గాలిని వెళ్ళగొట్టడం: ఇదే అతని యవ్వనమంతా. ఆ రెజిన్ వాసన బట్టల్లోంచి పోక, పెళ్ళయిన కొత్తల్లో వినియానా అతని చొక్కాల్ని వేరే బక్కెట్లో నానబెట్టేది. తరవాత తరవాత ఆ వాసన లేకపోతేనే మొగుడింకా ఇంటికి రాలేదనుకునేది. యార్డు మూతపడ్డాక కొన్నాళ్ళు ఖాళీగా తిరిగాడు. అప్పుడే ఆ పట్నంలోని నాబూవాలో, ఒక దాతల సంఘం వాళ్ళు నడిపే కృత్రిమ కాళ్ళ షెడ్డులో రెజిన్ పని తెలిసినవాడు కావాలని ఎవరో చెప్పారు.

షెడ్డు చూసుకునే అమ్మాయి పేరు శలేష్ని. చెరకు తోటల వాళ్ళ పిల్ల. మెల్బోర్న్‌లో కృత్రిమ కాళ్ళ చదువు చదివి వచ్చింది. మొదటి రోజే అడిగింది.

"పడవలు చేసిన చెయ్యి కదా మావయ్యా, కాళ్ళు చెయ్యగలవా?"

"దాన్లోకి నీళ్ళు రాకూడదు. దీన్లోంచి మనిషి జారకూడదు. అంతేగా తల్లీ?" అన్నాడు లైసియాసా.

అంతే కాదని తెలుసుకోవడానికి అతనికి చాలాకాలం పట్టింది. పడవలో అనుమానం ఉన్నచోట ఇంకో రెండు పొరలు వేసెయ్యొచ్చు. బరువు సముద్రం మోస్తుంది. కాలు అలా కాదు. వేసిన ప్రతి పొరనీ, అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ ఆ మనిషే ఎత్తాలి.

షెడ్డులో పని ఇలా సాగేది. షుగరు ముదిరి కాలు తీసేసినవాడికి మిగిలిన మోడుకి శలేష్ని కొలత తీసి, ప్లాస్టర్‌తో అచ్చు పోసేది. ఆ అచ్చు మీద లైసియాసా పల్చటి ప్లాస్టిక్ తొడుగు తొడిగి, పైన నార గుడ్డ పొరలు పొరలుగా లాగి, దాని మీద ఇంకో తొడుగు వేసి, పైనుంచి రెజిన్ పోసేవాడు. కింద గాలి పీల్చే పంపు గుర్రుగుర్రుమంటూ ఉంటే, రెండు చేతులతో నిమురుతూ రెజిన్‌ని నారలోకి దించేవాడు. గట్టిపడ్డాక లోపలి ప్లాస్టర్ పగలగొడితే గిన్నెలాంటి సాకెట్ మిగిలేది. మోడు దూరేది అందులోనే. దాని కింద గొట్టం, ఆ కింద పాదం బిగిస్తే కాలు.

చేసిన కాళ్ళు వెళ్ళిపోయేవి. కొన్ని తిరిగొచ్చేవి. అంచు దగ్గర చీలినవి, గొట్టం బిగించినచోట పగిలినవి. తిరిగొచ్చిన వాటిని వెనక గదిలో పడేసి, కొత్తవి చేసిచ్చేవాళ్ళు. జనం కాళ్ళరిగేలా తిరుగుతారు, కాళ్ళు అరిగిపోతాయి, అంతే అనుకునేవాళ్ళు. అలా అనుకోవడం తేలిక.

బావ అపాకుకి పడిపోయేదాకా లైసియాసా కూడా అలాగే అనుకున్నాడు.

అపాకుకి అనే ఆ బావ, వినియానాకి అన్న. సువా మార్కెట్లో చేమదుంపల బస్తాలు దించే పని. కాలు తీసేశాక కూడా మార్కెట్ మానలేదు; బావ చేసిచ్చిన కాలు వేసుకుని, బస్తాలు మొయ్యకపోయినా, మోసేవాళ్ళ మీద కేకలేస్తూ అక్కడే తిరిగేవాడు. ఒకరోజు చేపల బల్లల దగ్గర తడి గచ్చు మీద నడుస్తుంటే కాలు ఫట్‌మంది. పక్కకి ఒరిగి చెయ్యి మీద పడ్డాడు. మణికట్టు విరిగింది.

సాయంత్రం లైసియాసా వెళ్ళేసరికి, అపాకుకి చాప మీద కూర్చుని, చేతికి కట్టుతో, ఒళ్ళో పగిలిన కాలు పెట్టుకుని ఉన్నాడు.

"రా బావా, రా. నీ మీద ఒంటికాలి మీద లేద్దామనుకున్నా. కానీ చూడు, ఆ ఒంటికాలే మిగిలింది."

"నొప్పెలా ఉంది?"

"చేతికా, కాలికా? కాలికి నొప్పి లేదు, అది నీది. నిజం చెప్పు, మీ కడావు వాళ్ళ పడవలు కూడా ఇలాగే ఉంటాయా? అందుకేనా మీవాళ్ళంతా అంత బాగా ఈదుతారు?"

ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. బావలన్నాక ఎన్నైనా అనుకోవచ్చు, పట్టింపు లేదు. లైసియాసా కూడా నవ్వాడు గానీ, చూపు మాత్రం ఆ పగిలినచోటే ఉంది. సాకెట్‌ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. పగులు అంచున రెజిన్ అంటని నార తెల్లగా, పీచుపీచుగా కనిపించింది. దాని చుట్టూ, అట్టు మీద కన్నాల్లా, సన్నసన్నటి బుడగల గుర్తులు. యార్డులో అలాంటి పని కనబడితే ఫోర్‌మన్ పడవని పక్కకి లాగించి అందరి ముందూ తిట్టేవాడు.

యంగోనా వేరు కలిపిన నీళ్ళు తాగమని కొబ్బరిచిప్ప చేతికిచ్చారు. తాగాడు. రుచి తెలియలేదు.

మర్నాడు ఆ సాకెట్ తీసుకెళ్ళి శలేష్ని బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ వెనక గది తలుపు తీసి, పడేసిన వాటినన్నిటినీ బయటికి తెచ్చి, రంపంతో నిలువునా కోశారు. కోసినకొద్దీ అదే కథ. కొన్నిట్లో బుడగలు, కొన్నిట్లో ఎండు నార, కొన్నిట్లో రెండూ.

"రెజిన్ మంచిది కాదు," అన్నాడు లైసియాసా.

శలేష్నికీ ముందు అలాగే అనిపించింది. సరుకు పంపేవాళ్ళతో పోట్లాడి వేరే రకం తెప్పించింది. కొత్త రెజిన్‌తో చేసినవి కొన్నాళ్ళు బాగానే ఉన్నాయి. తరవాత అవీ ఒకటొకటిగా తిరిగిరావడం మొదలైంది. అప్పుడామె అతని పక్కన నిలబడి రెండు రోజులపాటు అతని పని చూసింది. మూడోరోజు పొద్దున మెల్లగా కదిలించింది.

"మావయ్యా, రెజిన్ గట్టిపడ్డానికి కలిపే హార్డెనర్ నువ్వు కొలిచి పొయ్యట్లేదు."

"మూతతో కొలుస్తున్నాగా."

"మూత నిండా ఒకసారి, సగం ఒకసారి. ఎండగా ఉంటే తక్కువ, వానగా ఉంటే ఎక్కువ."

"అదే కదా పనితనం! ఎండలో తొందరగా బిగుసుకుంటుంది. నీ పుస్తకంలో ఎండ ఉండదు తల్లీ. ఇన్నేళ్ళు ఇలాగే పోశా. నే పోసిన పడవ ఒక్కటి మునిగినట్టు విన్నావా?"

"మునిగిన పడవ తిరిగొచ్చి కంప్లయింట్ చెయ్యదు మావయ్యా."

ఆ మాట అతనికి తగలాల్సిన చోటే తగిలింది.  మధ్యాహ్నం కర్రపెండలం, డబ్బా చేపలు బయట మెట్ల మీద ఒక్కడే కూర్చుని తిన్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళేముందు మాత్రం, ఆమె కొనిపెట్టిన చిన్న కాటాని అట్టపెట్టెలోంచి తీసి, తన బల్ల మీద చదునుగా ఉన్నచోట పెట్టి వెళ్ళాడు. ఆ తరవాత ఎప్పుడూ మూతతో పొయ్యలేదు.

కాటా వచ్చాక మెత్తగా మిగిలిపోయే సాకెట్లు పోయాయి. నారని ముందుగానే కొలిచి కోసి, తడి తగలకుండా తలుపున్న బీరువాలో పెట్టడం అలవాటు చేశాక రెజిన్ అంటని ఎండు మచ్చలు తగ్గాయి. బుడగలు మాత్రం పోలేదు. అదే అర్థమయ్యేది కాదు. అదే చెయ్యి, అదే రెజిన్, అదే పంపు. ఒకటి ఇనుములా వచ్చేది, ఇంకోటి పగిలేది.

చివరికి శలేష్ని తన కారు జాకీ పట్టుకొచ్చింది. కొలత కుదరక పక్కన పెట్టిన సాకెట్లు రెండున్నాయి. వాటిని ఇనప చట్రంలో బిగించి, జాకీతో మనిషి బరువుకి మించి నొక్కి చూద్దామంది. మొదటిదాన్ని కొంచెం నొక్కగానే చిటపటమని, పక్క నుంచి చీలింది. రెండోదాన్ని ఎంత నొక్కినా చప్పుడు లేదు. జాకీ చెయ్యి తిప్పలేక లైసియాసా ఆగిపోయాడు. ఆఖరికి చట్రమే వంగింది.

"ఇదెవరిది?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"రాకిరాకీ ఊరాయనది. కొలత ఇచ్చాక జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడ్డాడే, ఆయనది. తిరిగొస్తున్నాడంటే అప్పుడు చేశాం, వచ్చేసరికి మోడు సన్నబడి ఇది వదులైపోయింది."

"మరి పగిలింది?"

"అది మామూలుగానే చేశాం. ఒకరోజు అచ్చు, మర్నాడు..."

మాట మధ్యలో ఆపేసింది. ఇద్దరూ ఒకేసారి అచ్చులు పెట్టే అలమర వైపు చూశారు. జ్వరం మనిషి అచ్చు వారాల తరబడి అక్కడే కూర్చుంది. లైసియాసా లేచి వెళ్ళి, నిన్న పోసిన కొత్త అచ్చు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. వాన మొదలైతే ఉతికిన దుప్పటి వారమైనా ఆరని ఊరది. ప్లాస్టర్ ఒక్కరోజులో ఎలా ఆరుతుంది? రెజిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడికి అచ్చులోని తడి ఆవిరై, తొడుగుకున్న సూదిమొన కన్నాల్లోంచి నారలోకి ఎక్కుతుంది. పంపు ఎంత పీల్చినా లోపల్నుంచి బుడగలు పుడుతూనే ఉంటాయి.

ఆ చల్లదనం అతనికి కొత్తది కాదు. పొద్దున లేస్తే ఆ చేతులకి తగిలేది అదే. యార్డులో అచ్చులు కూడా ఫైబర్‌వే, ఎప్పుడూ పొడిగానే ఉండేవి. తడి గురించి ఆలోచించాల్సిన పని రాలేదు. శలేష్ని చదువుకున్నచోట ఆరబెట్టే యంత్రాలు ఉండేవి; అక్కడా ఆలోచించాల్సిన పని రాలేదు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సంతోషంగా ఉండాల్సిన సమయం. లైసియాసాకి మాత్రం స్టూలు మీద కూర్చోవాలనిపించింది. కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ ఎంతమందికి ఇచ్చాం తల్లీ అలాంటివి?"

ఆమె వంగిన చట్రంలోంచి సాకెట్ విప్పడం మొదలుపెట్టింది.

లైసియాసా పాత ఫ్రిజ్జు డొక్కులో బల్బులు, ఫ్యాను బిగించి ఆరబెట్టే పెట్టె తయారుచేశాడు. మొదట్లో తొందరపడి వేడి ఎక్కువ పెట్టాడు. కోరో దీవి నుంచి ఓడెక్కి వచ్చిన అసెనదా అనే ముసలావిడ అచ్చు అందులో నెర్రెలు విచ్చి, తీసేసరికి చేతిలోనే రాలిపోయింది. మళ్ళీ కొలత ఇవ్వాలని చెప్పడానికి బెంచీ దగ్గరికి వెళ్ళాడు.

"బూబూ," అన్నాడు, అవ్వల్ని పిలిచే మాటతో, "కొంచెం ఆలస్యమయ్యేలా ఉంది."

"ఎంత కొంచెం? ఓడ ఎల్లుండి. మా మేనకోడలి ఇంట్లో ఇప్పటికే నా చాప గుమ్మం దగ్గరికి జరిపారు. ఇంకా ఉంటే గుమ్మం బయటికి జరుపుతారు."

"తప్పు నాదే బూబూ. అచ్చు పాడైపోయింది."

"డాక్టరు కాలు తీశాడు. నువ్వు ప్రాణం తియ్యి నాయనా, ఒక పనైపోతుంది," అని, కర్రలు పక్కన పెట్టి, "ఆకలేస్తోంది, ఏదైనా ఉందా?" అంది. తన డబ్బాలో ఉన్న చేమదుంప ముక్కలు తెచ్చి పెట్టాడు.

చిన్న సెగ మీద, ఓపిగ్గా, రోజుల తరబడి ఆరబెడితే తప్ప అచ్చు దారికి రాలేదు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి కాటా మీద రోజూ తూచేవాడు. బరువు తగ్గడం ఆగిపోతేనే తడి పోయినట్టు. తొడుగుల్లో గాలి ఊది, నీళ్ళలో ముంచి కన్నాలు చూసేవాడు. పనిలో ఒక్కో మెట్టూ గట్టిపడింది. దాంతో పాటు బెంచీ మీద జనమూ పెరిగారు.

దాతల సంఘం సెక్రటరీ వచ్చి, ఇంతకుముందు ఇచ్చిన కాళ్ళలో సగం కూడా ఇవ్వట్లేదేమిటని అడిగాడు. శలేష్ని నిలబడి జవాబు చెప్పింది: ఇంతకుముందు ఇచ్చినవాటిలో కొన్ని ఒకే మనిషికి రెండోసారి, మూడోసారి ఇచ్చినవండీ, అని. ఆయన తల ఊపి వెళ్ళాడు. కానీ రోజూ బెంచీ దాటుకుంటూ లోపలికి రావాల్సింది సెక్రటరీ కాదు. "ఇవాళైనా?" అని ఎవరూ నోరు తెరిచి అడిగేవాళ్ళు కాదు. చూసేవాళ్ళు, అంతే.

ఆ రోజుల్లోనే అపాకుకి వాళ్ళ పెద్దకొడుకు పెళ్ళి కుదిరింది. అతని కొత్త కాలి అచ్చు ఇంకా పెట్టెలో ఉంది. శనివారం పెళ్ళి అనగా మంగళవారం, పదిమంది ముందు కాక, ఒక్కడే షెడ్డుకి వచ్చాడు. ఎగతాళి ఏమీ లేదు మాటలో.

"బావా, శనివారానికి నిలబడాలి. అమ్మాయి తరపువాళ్ళు కానుకగా చాపలు తెచ్చి ముందు పెడితే, నేను నిలబడి మాట్లాడాలి కదా. ఆ ఒక్కరోజుకి చాలు. తరవాత విరిగితే విరగనీ."

లైసియాసా పెట్టె తెరిచి అచ్చు తూచాడు. నిన్నటికంటే తగ్గింది. అంటే ఇంకా తడి ఉంది.

"వచ్చే వారం ఇస్తా బావా."

"వచ్చే వారం నాకెందుకు? వచ్చే వారం మార్కెట్లో చేపలకి ఉపన్యాసం ఇవ్వనా?"

"పెళ్ళిలో పడితే? నలుగురి ముందు?"

"పడితే నేను పడతా. నువ్వు కాదుగా."

"మొన్న కూడా నువ్వే పడ్డావు. నేను పడలేదు. అందుకే ఇవ్వను."

బావ అడిగితే లేదనడం అక్కడి పద్ధతి కాదు. అపాకుకి కర్రలు సర్దుకుని వెళ్ళిపోయాడు. విషయం లైసియాసా కంటే ముందే ఇల్లు చేరింది.

"ఊళ్ళో అందరికీ కాళ్ళిస్తావు. మా అన్నయ్యకే ఉండదు," అంది వినియానా. వంట చేసింది, పెట్టింది, ఎదురుగా కూర్చోలేదు.

పెళ్ళిలో అపాకుకి చంకకర్రల మీద ఆనుకుని మాట్లాడాడు. విరిగి అతికిన చెయ్యి కర్రని సరిగా పట్టలేకపోతే, మధ్యలో కొడుకు వచ్చి భుజం పట్టుకున్నాడు. మాటలు మాత్రం బాగా మాట్లాడాడు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. లైసియాసా చివర్న, యంగోనా గిన్నెకి దూరంగా కూర్చున్నాడు.  బావలు ఎగతాళి చెయ్యకపోతే ఎంత చలిగా ఉంటుందో అతనికి ఆ రోజు తెలిసింది.

కాలు తరవాతి వారం సిద్ధమైంది. అపాకుకి తను రాకుండా కొడుకుని పంపాడు. లైసియాసా ఇవ్వలేదు, కొలత సరిచూడాలి, మనిషి రావాలి అన్నాడు. ఇంకొన్నాళ్ళకి మనిషి వచ్చాడు. తొడిగించుకున్నాడు, గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు, గోడ వదిలేసి గుమ్మం దాకా వెళ్ళాడు. చెమట పట్టిందన్నాడు, అంచు గుచ్చుకుంటోందన్నాడు. లైసియాసా నేలమీద కూర్చుని అంచు అరగదీశాడు. మళ్ళీ గుచ్చుకుంటోందన్నాడు. మళ్ళీ అరగదీశాడు. మూడోసారి అడగలేదు.

ఆ కాలు ఆ ఏటి వానాకాలం దాటింది. తుఫాను వచ్చి మార్కెట్ కప్పు రేకులు ఎగిరిపోయినప్పుడు కూడా అపాకుకి దాని మీదే ఇంటికి నడిచాడు. వెనక గదిలోకి పగిలిన సాకెట్లు రావడం క్రమంగా తగ్గి, ఎప్పుడో ఒకటి అన్నంతదాకా వచ్చింది. ఆ గదిలో శలేష్ని చీపుర్లూ బక్కెట్లూ పెట్టించింది.

ఒకరోజు అసెనదా బూబూ మళ్ళీ బెంచీ మీద కనిపించింది. ఆవిడదీ పగిలిందేమో అనుకున్నాడు లైసియాసా. పరుగున వెళ్ళి, ముందు వంగి ఆవిడ సాకెట్ చూశాడు, వేలితో తట్టి చూశాడు. ఎక్కడా బీటలేదు.

"దానికేం నాయనా, రాయిలా ఉంది," అంది ఆవిడ. అప్పుడు చూశాడు, దుప్పటి కింద రెండో వైపు. మోకాలి కింద ఏమీ లేదు. "దీనికి జోడు చెయ్యి. ఈసారి తొందరలేదు. ఓడ సంగతి నేనేమీ అడగను."

ఆవిడని చేతుల మీద ఎత్తి లోపలికి తీసుకెళ్ళాడు. బరువు లేదు. శలేష్ని మోడుకి ప్లాస్టర్ గుడ్డ చుడుతుంటే అతను నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.  బుడగని ఆపగలరు. షుగరు వాళ్ళ చేతిలోది కాదు.

యాభై అయిదు నిండగానే పని మానెయ్యాలని లైసియాసా అనుకున్నాడు. కడావులో అన్నదమ్ముల పక్కన కాస్త నేల ఉంది, దుంపలు వేసుకుని బతకొచ్చు. సెక్రటరీ వచ్చి ఇంకో రెండేళ్ళు ఉండమన్నాడు. శలేష్ని కాటా తుడిచి మళ్ళీ అతని బల్ల మీదే పెట్టింది. కుదరదని చెప్పాలంటే చాలా మాట్లాడాలి, అంత ఓపిక లేదు. సరేనన్నాడు.

"నీకేం పట్టింది?" అంది వినియానా ఆ సాయంత్రం, అతని చొక్కాని బక్కెట్లో నానబెడుతూ. "నడుం వంగట్లేదంటావు, కళ్ళు మండుతున్నాయంటావు. మా అన్నయ్య కూడా అంటున్నాడు, ఆ ముసలి కడావు వాడిని ఇంక ఆ పని ఒదిలెయ్యమను, నా కాలు చేసింది చాలు, అని."

"ఆ మాట అన్నాడా? నా కాలు చేసింది చాలు అని?"

"అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. అవి చెప్పను."

"చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కడావు వాళ్ళ గురించి, వాళ్ళ పడవల గురించి, వాళ్ళ ముక్కుల గురించి అపాకుకి అన్నవన్నీ ఒకటీ వదలకుండా చెబుతూ, చొక్కా పిండి, జాడించి, వసారాలో తీగ మీద ఆరేసి వచ్చింది. వచ్చేసరికి లైసియాసా గోడకి ఆనుకుని, కాళ్ళు బారచాపుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపలేదు. బయట వాన పడుతూనే ఉంది. ఆ చొక్కా పొద్దుటికి ఆరదు, ఇంకోటి తీసిపెట్టాలి అనుకుంటూ లోపలికి వెళ్ళింది.